రోటర్లు వంచుకుని ఎగిరే విమానం మన దాకా ఎందుకు రాలేదు?

హెలికాప్టర్‌లా నిలువుగా లేచి విమానంలా ముందుకు సాగే టిల్ట్‌రోటర్ గురించి ఈ శీర్షికలో ఆ మధ్య నాలుగు మాటలు రాసినప్పటి నుంచి ఉత్తరాలు ఆగలేదు. వాటిలో ఎక్కువ మంది అడిగింది ఒకే సంగతి కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: అమెరికా సైన్యం 2007 నుంచి ఆస్ప్రే అనే టిల్ట్‌రోటర్‌ను వాడుతోంది. అలాంటిదే మామూలు ప్రయాణికుల కోసం తయారవుతోందని నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో చదివాను. రిటైరయ్యాను, మనవడు ఇంటర్‌కు వచ్చాడు, అది మాత్రం రాలేదు. సైన్యం ఎగరేయగలిగినదాన్ని జనం ఎక్కడానికి అడ్డేమిటి? హెలికాప్టర్ కంపెనీలే దీన్ని తొక్కిపెడుతున్నాయని మా మిత్రుడొకరు వాదిస్తున్నారు. నిజమేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మాస్టారూ, మీరు చదివింది నిజమే. మీ మిత్రుడి వాదన మాత్రం నిలబడదు, ఎందుకంటే ఈ విమానాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నది హెలికాప్టర్ కంపెనీలే. 1996లో అమెరికా హెలికాప్టర్ కంపెనీ బెల్, బోయింగ్ కలిసి తొమ్మిది మంది ప్రయాణికుల టిల్ట్‌రోటర్‌ను తెస్తామని ప్రకటించాయి. 1998లో బోయింగ్ తప్పుకుంది, అదే ఏడాది ఇటలీ హెలికాప్టర్ కంపెనీ అగస్టా ఆ స్థానంలోకి వచ్చింది. బీఏ609 పేరుతో మొదటి నమూనా 2003 మార్చి 6న టెక్సస్‌లోని ఆర్లింగ్‌టన్‌లో గాలిలోకి లేచింది. 2011లో బెల్ కూడా పక్కకు జరగడంతో భారమంతా అగస్టావెస్ట్‌లాండ్ మీద పడి, విమానం పేరు ఏడబ్ల్యూ609 అయింది. ఆ కంపెనీయే ఇప్పటి లియొనార్డో. అమ్మకానికి ఉద్దేశించిన ప్రమాణాలతో తయారైన మొదటి విమానం ఫిలడెల్ఫియాలో ఎగిరింది 2022 అక్టోబరులో. అంటే ప్రకటనకూ ఆ రోజుకూ నడుమ 26 ఏళ్లు గడిచాయి. ప్రయాణికులను ఎక్కించుకోవడానికి కావలసిన అనుమతి పత్రం అప్పటికీ చేతికి రాలేదు.

ఇంత ఆలస్యానికి కారణం తెలియాలంటే ముందు ఆ యంత్రం ఏం చేయాలని చూస్తోందో తెలియాలి. హెలికాప్టర్‌కు వేగంలో ఒక హద్దు ఉంది. అది ముందుకు పోతున్నప్పుడు రోటర్‌లో ఒక పక్క రెక్క గాలికి ఎదురెళుతుంది, రెండో పక్క రెక్క గాలితో పాటు వెనక్కి పోతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ వెనక్కి పోయే రెక్కకు తగిలే గాలి తగ్గిపోయి, ఒక దశలో అది బరువు ఎత్తలేని స్థితికి వస్తుంది. అందుకే సాధారణ హెలికాప్టర్లు గంటకు 300 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. 1986లో వెస్ట్‌లాండ్ లింక్స్ ప్రత్యేక ఏర్పాట్లతో నెలకొల్పిన రికార్డు కూడా 400 కిలోమీటర్ల దగ్గరే ఉంది. టిల్ట్‌రోటర్ ఈ చిక్కును పక్కన పెట్టేస్తుంది. లేచేటప్పుడు పైకి చూసే రోటర్లను గాలిలో ముందుకు వంచి ప్రొపెల్లర్లుగా మార్చేస్తుంది, అక్కడి నుంచి బరువును మోసేది మామూలు విమానానికి ఉన్నట్టే పక్కలకు చాచిన రెక్క. ఏడబ్ల్యూ609 ఇలా గంటకు 500 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో, 25,000 అడుగుల ఎత్తున, ప్రయాణికులకు ఆక్సిజన్ మాస్కుల అవసరం లేకుండా పోగలదు.

చెప్పడానికి ఇంత తేలికగా ఉన్న పని చేయడానికి ఎందుకు కష్టమో మీ ఇంట్లో ఫ్యాన్లను చూస్తే కొంత అర్థమవుతుంది. సీలింగ్ ఫ్యాన్ రెక్కలు పొడవుగా ఉంటాయి, నెమ్మదిగా తిరుగుతాయి, ఎక్కువ గాలిని మెల్లగా కిందికి తోస్తాయి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ చిన్నది, కొద్దిపాటి గాలిని వేగంగా బయటికి నెడుతుంది. బరువును గాలిలో నిలబెట్టడానికి సీలింగ్ ఫ్యాన్ లాంటిది మేలు, వేగంగా ముందుకు పోవడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాంటిది మేలు. టిల్ట్‌రోటర్‌కు ఒకే ఫ్యాన్ రెండు పనులూ చేయాలి. అందువల్ల దాని రోటర్ హెలికాప్టర్ రోటర్ కంటే చిన్నదిగా, ప్రొపెల్లర్ కంటే చాలా పెద్దదిగా, రెంటికీ పూర్తిగా నచ్చని మెలికతో తయారవుతుంది. ఆస్ప్రేలో ముందుకు పోయేటప్పుడు రోటర్ల తిరిగే వేగాన్ని దాదాపు ఆరో వంతు తగ్గిస్తారు, లేకపోతే ప్రొపెల్లర్‌గా అది బాగా పని చేయదు. ఇంకో సంగతి చూడండి. నిలువుగా లేచేటప్పుడు రోటర్ కిందికి తోసే గాలిలో కొంత భాగం సరిగ్గా తన రెక్క మీదే పడుతుంది. సీలింగ్ ఫ్యాన్ కింద పలకను అడ్డంగా పట్టుకుంటే అది చేతిని కిందికి నొక్కినట్టే, ఆ రెక్క విమానాన్ని కిందికి నొక్కుతుంది. ఆ మేరకు సరుకో, ఇంధనమో, ప్రయాణికులో తగ్గాలి.

ఇంజనీర్లను అసలు ఇబ్బంది పెట్టింది రెక్క చివర ఉండే బరువు. బొంగరం తిరుగుతూ తిరుగుతూ ఒక దశలో తల ఊపడం మొదలుపెడుతుంది కదా! రెక్క కొసన తిరుగుతున్న పెద్ద రోటర్ కూడా విమానం వేగం ఒక హద్దు దాటితే అలాగే తల ఊపుతుంది, ఆ ఊపు రెక్కను వంచుతుంది, వంగిన రెక్క ఊపును ఇంకా పెంచుతుంది. ఇది క్షణాల్లో రెక్కను విరిచేయగలదు. 1955లో మొదటిసారి ఎగిరి, 1958 డిసెంబరులో రోటర్లను పూర్తిగా ముందుకు వంచి చూపిన బెల్ ఎక్స్‌వీ-3ని తరువాత నాసా వారి ఎయిమ్స్ కేంద్రంలో పెద్ద గాలి సొరంగంలో పెట్టి పరీక్షించారు. 1966లో సొరంగం గాలి వేగం పెంచుతున్నప్పుడు రెక్క చివర లోహం అలసి విరిగి, రెండు రోటర్లూ ఊడిపోయాయి. అదృష్టవశాత్తూ అందులో పైలట్ లేడు. ఈ ఊపును అదుపు చేయడం తెలిసింది తరువాతి తరం యంత్రమైన ఎక్స్‌వీ-15 వచ్చాకే. అది 1977లో లేచింది, 1979లో రోటర్లను పూర్తిగా వంచి ఎగిరింది, 1981లో ప్యారిస్ ప్రదర్శనలో జనం కళ్ల ముందు విన్యాసాలు చేసింది. ఆ విజయానికి ఇచ్చిన మూల్యం ఆ రెక్కలోనే ఉంది: బిగువు కోసం దాని మందాన్ని వెడల్పులో 23 శాతం చేశారు. జెట్ విమానాల రెక్క మందంతో పోలిస్తే ఇది రెట్టింపు. అంత మందపాటి రెక్క గాలిని కోసుకుంటూ పోలేదు, అందుకే టిల్ట్‌రోటర్ అసలైన విమానమంత వేగంగా ఎన్నడూ పోదు.

ఎక్స్‌వీ-15 అంత బాగా ఎగిరాక ఇక పౌర విమానం నాలుగడుగుల దూరంలోనే ఉందని ఆ రోజుల్లో చాలా మంది అనుకున్నారు. 1987లో నాసా, బోయింగ్, బెల్ కలిసి పౌర టిల్ట్‌రోటర్ ఏయే ప్రయాణాలకు పనికొస్తుందో అధ్యయనం చేశాయి. అమెరికా చట్టసభ కోరిక మేరకు ఏర్పాటైన సలహా సంఘం 1995 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. నగరం నడిబొడ్డు నుంచి ఇంకో నగరం నడిబొడ్డుకు, రన్‌వే మీద వరుసలో నిలబడే బాధ లేకుండా వెళ్లడమే అప్పటి కల.

ఇక సైన్యం సంగతి. సైన్యం ఎగరేయగలిగింది కాబట్టి అది జనానికి సిద్ధమైనట్టేనన్న మీ ఊహతో నేను ఏకీభవించలేను. ఆస్ప్రే 1989 మార్చి 19న మొదట ఎగిరింది. సైన్యం దాన్ని యుద్ధానికి పనికొస్తుందని ఒప్పుకున్నది 2007లో. ఆ 18 ఏళ్లలో ఏం జరిగిందో చూడండి. 1991లో ఐదో విమానం తన తొలి ప్రయాణంలోనే కూలింది. విమానం పక్కకు ఎంత ఒరుగుతోందో చెప్పే సెన్సార్ల వైర్లు తారుమారుగా కలపడమే కారణం. 1992 జూలైలో ఇంకో ఆస్ప్రే, ఇంజన్ గూడులో చేరిన మండే ద్రవం అంటుకుని, వర్జీనియాలో పోటోమాక్ నదిలో ఏడుగురితో సహా పడిపోయింది. 2000 ఏప్రిల్‌లో అరిజోనాలోని మరానాలో రాత్రి వేళ కిందికి దిగుతున్న ఆస్ప్రే ఒక పక్కకు తిరగబడి 19 మంది సైనికులు చనిపోయారు. ముందుకు వేగం తక్కువగా ఉన్నప్పుడు నిమిషానికి 800 అడుగుల కంటే వేగంగా దిగకూడదన్నది నిబంధన. ఆ రాత్రి అది నిమిషానికి 2,000 అడుగులకు మించిన వేగంతో దిగింది. తాను కిందికి తోసిన గాలిలోకి తానే దిగుతున్న రోటర్ చుట్టూ సుడి ఏర్పడి, ఎత్తే శక్తి పోతుంది. హెలికాప్టర్‌కు కూడా ఈ ప్రమాదం ఉంది, కానీ దానికి ఒకే రోటర్ కాబట్టి నిలువుగా కుంగుతుంది. టిల్ట్‌రోటర్‌లో ఒక పక్క రోటర్‌కు ముందు సుడి పడితే, రెండోది ఎత్తుతూనే ఉండి యంత్రాన్ని తలకిందులు చేస్తుంది. అదే ఏడాది డిసెంబరులో నార్త్ కరోలినాలో హైడ్రాలిక్ గొట్టం కన్నం పడి, దానికి తోడు కంప్యూటర్ ప్రోగ్రాంలో ఉన్న తప్పు కలిసి మరో నలుగురి ప్రాణాలు తీశాయి.

సైన్యం ఈ నష్టాలను ఓర్చుకుని ముందుకు సాగింది, ఎందుకంటే దానికి ఆ యంత్రం కావాలి. టికెట్ కొనుక్కుని ఎక్కే తల్లీ బిడ్డల విషయంలో ఆ లెక్క ఎవరూ వేయలేరు, వేయకూడదు కూడా. పౌర విమానం ఏ లోపానికి ఏ ఫలితం వస్తుందో, అది ఎంత అరుదో ముందే రుజువు చేయాలి.

ఆ రుజువు ఏ నియమాల ప్రకారం చేయాలన్నది ఇంకో చిక్కుముడి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర పెద్ద విమానాలకు పార్ట్ 25, పెద్ద హెలికాప్టర్లకు పార్ట్ 29 ఉన్నాయి. రెండింటి నడుమ ఎగిరే దానికి పుస్తకం లేదు. అందువల్ల దీన్ని ప్రత్యేక తరగతిగా ఎంచి, రెండు పుస్తకాల నుంచీ తగిన నియమాలు తీసుకుని, ఎక్కడా దొరకని వాటిని కొత్తగా రాసుకోవలసి వచ్చింది. ఇంజన్ చెడితే ఏమిటన్న ప్రశ్నకు విమానం పుస్తకం ఒక జవాబు అడుగుతుంది, హెలికాప్టర్ పుస్తకం వేరే జవాబు అడుగుతుంది, రోటర్లు సగం వంగి ఉన్న క్షణాల గురించి రెండూ ఏమీ చెప్పవు. ఆ ఖాళీని నింపడానికి పట్టిన ఏళ్లను నేను ఆలస్యంగా లెక్కించను. అది చేయక తప్పని పని.

ప్రశ్న: ఏడబ్ల్యూ609 నమూనా 2015లో ఇటలీలో కూలిందని చదివాను. గాలి సొరంగాలు, సిమ్యులేటర్లు, కంప్యూటర్లు ఇన్ని ఉండగా అది ఎలా జరిగింది?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఈ మొత్తం కథలో ప్రతి ఇంజనీరూ చదవవలసిన అధ్యాయం ఇదేనని నా నమ్మకం, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

2015 అక్టోబరు 30న రెండో నమూనా, ఇద్దరు అనుభవజ్ఞులైన టెస్ట్ పైలట్లతో, మిలాన్, టూరిన్ నగరాల నడుమ వెర్చెల్లి ప్రాంతం మీద ఎగురుతోంది. ఆ రోజు పని డైవ్ పరీక్ష. విమానం రోజువారీ ప్రయాణంలో ఎన్నడూ చేరని వేగానికి ముక్కు కిందికి వంచి తీసుకెళ్లి, అక్కడ కూడా అది బుద్ధిగానే ఉంటుందని చూపడం దాని ఉద్దేశం. అనుమతి కావాలంటే ప్రతి విమానమూ ఈ పరీక్ష దాటాలి. ఆ వేగంలో విమానం పక్కకు ఒరుగుతూ, ముక్కు కుడి ఎడమలకు ఊపుతూ ఒక లయలో పడింది. డచ్ రోల్ అని పైలట్లు పిలిచే ఈ ఊపు చాలా విమానాల్లో కొద్దిగా ఉంటుంది, దానంతటదే సద్దుమణుగుతుంది. ఇక్కడ సద్దుమణగలేదు. ఒరుగుదలను సరిచేయడానికి పైలట్ కర్రను అటూ ఇటూ కదిపారు. ఏ పైలట్ అయినా అదే చేస్తాడు. అయితే ఆ విమానంలో కర్రకూ రెక్కల మీది పలకలకూ నేరుగా సంబంధం లేదు, నడుమ కంప్యూటర్ ఉంది. ఒరుగుదల కోసం ఇచ్చిన ఆదేశాన్ని ఆ కంప్యూటర్‌లోని నియమాలు అమలు చేసిన తీరు వల్ల ముక్కు ఊపు తగ్గకపోగా పెరిగింది. ముక్కు ఒక పక్కకు మరీ ఎక్కువగా తిరిగినప్పుడు, పక్క నుంచి కొట్టిన గాలికి రోటర్ బ్లేడ్లు వంగి రెక్క ముందంచును కొట్టాయి. ఆ రెక్కలో ఇంధన గొట్టాలున్నాయి, హైడ్రాలిక్ గొట్టాలున్నాయి. అవి తెగాయి, మంటలు లేచాయి, విమానం గాలిలోనే విచ్ఛిన్నమైంది. ఇద్దరు పైలట్లూ మరణించారు.

ఇటలీ విమాన భద్రతా సంస్థ ఏఎన్‌ఎస్‌వీ జరిపిన దర్యాప్తులో బయటపడిన వాటిలో మీ ప్రశ్నకు నేరుగా సంబంధించింది ఒకటుంది: సిమ్యులేటర్ ఈ ఊపును ముందుగా చూపలేకపోయింది. ఎందుకో మీకు తరగతిలో చెప్పే ఉంటారు. సిమ్యులేటర్‌కు మనం ఇచ్చిన గణితమే తెలుసు. ఆ వేగంలో, ఆ రెక్క కొసన, ఆ రోటర్ మీద గాలి ఎలా ప్రవర్తిస్తుందో కొలిచి ఇచ్చిన వారు అంతకు ముందు ఎవరూ లేరు, ఎందుకంటే పౌర టిల్ట్‌రోటర్‌ను అక్కడి దాకా తీసుకెళ్లినవారే లేరు. మామూలు విమానం తయారుచేసేవారికి వందలాది పాత విమానాల కొలతలు చేతిలో ఉంటాయి. వీరికి వేళ్ల మీద లెక్కించగలిగినన్ని యంత్రాల అనుభవమే ఉంది. ప్రమాదం తరువాత అదుపు నియమాలను తిరిగి రాశారు. పరీక్షలు 2016లో మళ్లీ మొదలయ్యాయి. తక్కువ నమూనాలతో నడిచే కార్యక్రమంలో ఒక్క విమానం పోతే ఎన్ని పరీక్షలు వెనకబడతాయో మీరే ఊహించుకోవచ్చు. అయినా ఆ వెనకబాటు గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆ ఇద్దరూ కనిపెట్టిన లోపం ప్రయాణికులతో నిండిన విమానంలో బయటపడి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఈ ప్రమాద వివరాలు చదివిన ప్రతిసారీ నన్ను కలవరపెడుతుంది.

ప్రశ్న: గాలిలో ఒక ఇంజన్ ఆగిపోతే టిల్ట్‌రోటర్ ఒక పక్కకు పడిపోదా?
— వి. పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పడదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు రెక్క లోపల ఒక పొడవాటి షాఫ్ట్ ఉంటుంది. ఒక ఇంజన్ ఆగితే రెండో ఇంజన్ ఆ షాఫ్ట్ ద్వారా రెండు రోటర్లనూ తిప్పుతుంది. రెండు ఇంజన్లూ ఆగితే అన్నది అసలైన ప్రశ్న. హెలికాప్టర్ రోటర్ పెద్దది, బరువైనది, కిందికి దిగేటప్పుడు గాలికి అదే తిరుగుతూ మెల్లగా దించుతుంది. టిల్ట్‌రోటర్ రోటర్ చిన్నది కాబట్టి ఆ సాయం తక్కువ. విమాన స్థితిలో ఉంటే రెక్క మీద జారుతూ రావచ్చు గానీ, రోటర్లు ముందుకే ఉంచి నేల మీద దిగితే బ్లేడ్లు నేలకు తగులుతాయి, కాబట్టి ఇంజన్ల శక్తి లేకుండానే వాటిని పైకి వంచగలగాలి. ఏడబ్ల్యూ609తో 2014లో సరిగ్గా ఈ పరీక్షలే డజన్ల సార్లు చేసి చూపారు.

షాఫ్ట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేమని కూడా చెప్పాలి. ఇంజన్లు రెండు, వాటిని కలిపే గేర్లు మాత్రం ఎక్కడ చెడినా రెండో దారి లేదు. 2023 నవంబరు 29న జపాన్‌లోని యాకుషిమా దీవి దగ్గర అమెరికా వైమానిక దళం ఆస్ప్రే కూలి ఎనిమిది మంది చనిపోయినప్పుడు, మూలం గేర్‌బాక్స్‌లో పగిలిన ఒక చిన్న గేర్. గేర్‌బాక్స్‌లో లోహపు పొడి రాలుతోందన్న హెచ్చరిక ఆ ప్రయాణంలో పదే పదే వచ్చింది. ఆ తరువాత ఆస్ప్రేలను మూడు నెలలు నేలకే పరిమితం చేశారు. పౌర విమానానికి అనుమతి ఇచ్చేవారు గేర్ల గురించి గుచ్చి గుచ్చి అడుగుతున్నారంటే ఇందుకే.

ప్రశ్న: మేము ఉండే డాలస్ ప్రాంతంలోనే, ఫోర్ట్‌వర్త్‌లో, బెల్ కంపెనీ ఉంది. టిల్ట్‌రోటర్‌కు పుట్టిల్లు లాంటి ఆ కంపెనీ పౌర విమానాన్ని ఎందుకు వదులుకుంది? ఎంతసేపూ సాంకేతిక కారణాలే చెబుతున్నారు, డబ్బు సంగతి లేదా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టెక్సస్

జవాబు: ఉంది. ఇంతవరకు ఆలస్యాన్ని సమర్థిస్తూ వచ్చిన నేను, ఇక్కడ సమర్థించలేను.

ఈ విమానం ఎప్పుడూ ఎవరికీ మొదటి పని కాలేదు. బెల్‌కు తాను తయారుచేసే ఆస్ప్రేయే మొదటి పని. 2000లో ఆస్ప్రే రెండు ప్రమాదాల తరువాత ఆ కార్యక్రమమే మూతపడేటట్టు ఉన్నప్పుడు, కంపెనీ ఇంజనీర్లు, డబ్బు, ఆలోచన అంతా దాన్ని నిలబెట్టడానికే పోయాయి. పౌర నమూనా తొలిసారి ఎగిరింది 2003 మార్చిలో, రోటర్లను పూర్తిగా ముందుకు వంచి ఎగిరింది 2005 జూలైలో. ఆ నడుమ రెండేళ్లకు పైగా గడిచాయి. ఆస్ప్రేకు వెనక ప్రభుత్వ ఖజానా ఉంది, అందుకే 400కు పైగా తయారయ్యాయి. పౌర విమానానికి అలాంటి అండ లేదు. కొనేవారు ముందుగా మోజుతో పేర్లు రాయించుకున్నారు గానీ, ఏళ్లు గడిచేకొద్దీ ధర పెరిగింది, కొనేవారు తగ్గారు. కొనేవారు తగ్గితే కంపెనీ ఖర్చు తగ్గిస్తుంది, ఖర్చు తగ్గిస్తే పరీక్షలు నెమ్మదిస్తాయి, పరీక్షలు నెమ్మదిస్తే ఉన్న కొనుగోలుదారు కూడా విసిగిపోతాడు. 2015లో బ్రిస్టో అనే పెద్ద హెలికాప్టర్ సంస్థ దీని అభివృద్ధిలో పాలుపంచుకుంటామని ముందుకొచ్చినప్పుడు సముద్రంలోని చమురు వేదికలకు మనుషులను చేరవేయడమే లక్ష్యం. అప్పటికే చమురు ధర పడిపోతోంది, ఆ రంగంలో ఖరీదైన కొత్త యంత్రాలు కొనే ఓపిక పోయింది.

నియమాలు రాయడానికి, ప్రమాదం నుంచి నేర్చుకోవడానికి పట్టిన కాలం న్యాయమైనది. రెండు మూడు నమూనాలతో, మధ్య మధ్య యజమానులు మారుతూ, సగం మనసుతో నడిపిన కాలం న్యాయమైనది కాదు. మొత్తం ఆలస్యంలో ఆ రెండో భాగమే పెద్దదని నా అభిప్రాయం. ఆరేడు నమూనాలతో మొదలుపెట్టి ఉంటే, 2015లో ఒకటి కోల్పోయినా పని అంత కాలం కుంటుపడేది కాదు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ ఎయిర్ టాక్సీలని ఇప్పుడు వింటున్నవి కూడా టిల్ట్‌రోటర్లేనా? అవే ముందు వచ్చేస్తాయా?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: వాటిలో కొన్ని అవును. కాలిఫోర్నియాకు చెందిన జోబీ విమానంలో ఆరు ప్రొపెల్లర్లు లేచేటప్పుడు పైకి, పోయేటప్పుడు ముందుకు తిరుగుతాయి. ప్రతి ప్రొపెల్లర్‌కూ దాని మోటారు దానికే ఉండటం వల్ల, పైన చెప్పిన షాఫ్టులూ గేర్‌బాక్సుల బెడద చాలా వరకు పోయింది. దానికి బదులు బ్యాటరీల బరువు వచ్చి పడింది: కిలో కిరోసిన్‌లో ఉండే శక్తితో పోలిస్తే కిలో బ్యాటరీలో ఉండేది చాలా చాలా తక్కువ. అందుకే అవి నగరంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరగగలవు గానీ, ఏడబ్ల్యూ609 లాగా 1,300 కిలోమీటర్లు పోలేవు. 2024 అక్టోబరులో ఎఫ్‌ఏఏ ఈ కోవ యంత్రాల పైలట్ల శిక్షణకు, నడకకు నియమాలు ప్రకటించింది. 1940లలో హెలికాప్టర్లు వచ్చాక కొత్త తరగతి విమానానికి తలుపు తెరవడం అదే మొదటిసారి. చిన్న ఎలక్ట్రిక్ విమానాల ఒత్తిడి వల్ల వచ్చిన ఆ నియమాలు, అన్నేళ్లుగా ఎదురుచూస్తున్న పెద్ద టిల్ట్‌రోటర్‌కు కూడా వర్తిస్తాయి.

ప్రశ్న: మన కేజీ బేసిన్‌లో సముద్రంలోని చమురు వేదికలకు ఇలాంటిది వాడితే బాగుంటుంది కదా?
— చిరు వ్యాపారి, అమలాపురం

జవాబు: అంత అవసరం కనబడటం లేదండీ. ఓఎన్‌జీసీ 2024 జనవరిలో లోతు నీటి నుంచి చమురు తీయడం మొదలుపెట్టిన చోటు కాకినాడ తీరానికి ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరంలోనే ఉంది. అంత దగ్గరకు హెలికాప్టర్ పది నిమిషాల్లోపే చేరుతుంది, టిల్ట్‌రోటర్ రోటర్లు ముందుకు వంచి వేగం అందుకునేలోపే మళ్లీ పైకి వంచవలసి వస్తుంది. దాని ప్రయోజనం దూరం పెరిగినప్పుడే తెలుస్తుంది. బ్రెజిల్‌లో తీరం నుంచి 250, 300 కిలోమీటర్ల దూరాన చమురు వేదికలున్నాయి. అక్కడ హెలికాప్టర్‌కు గంట పట్టే ప్రయాణం దీనికి అరగంట పైచిలుకు మాత్రమే. సముద్రం నడుమ గాయపడిన మనిషిని ఆసుపత్రికి తెచ్చే వేళ ఆ తేడా చాలా పెద్దది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మూడు ఏడబ్ల్యూ609 విమానాలను ఎంచుకున్నది కూడా ఇలాంటి గాలింపు, రక్షణ పనుల కోసమే.